పాటకు భాష లేదా?

"సంగీతానికి భాష లేదు" అన్న వాక్యం మన సభావేదికలమీద ఎన్నిమార్లు వినబడిందో లెక్కపెట్టడం కష్టం. అధ్యక్షోపన్యాసంలో ఒకమారు, వందన సమర్పణలో మరొకమారు. మధ్యలో ఎవరో ఒక పెద్దమనిషి కచేరీని గురించి నాలుగు మాటలు చెప్పవలసివచ్చి, సాహిత్యం తనకు తెలియలేదని ఒప్పుకొనడానికి మొగమాటపడి, ఇంకొకమారు. వినగానే చప్పట్లు కొడతాము. నేనూ కొట్టినవాడినే. ఆ చప్పట్లను ఈ వ్యాసంలో వెనుకకు తీసుకొంటున్నాను.

సందర్భం ఏమనగా, మన యువతీయువకులు ఈనాడు చెవులకు తగిలించుకొని వింటున్న పాశ్చాత్య గాయకుల కొత్త ఆల్బములను సమీక్షించవలసినదిగా ఈ సంచిక సంపాదకవర్గంవారు నన్ను కోరారు. జాజ్ అనీ, జానపదమనీ, పెద్ద కంపెనీల మూసలో పడకుండా తమ పాట తామే కట్టుకొని పాడే 'ఇండీ' గాయకులనీ వారు పేర్లు చెప్పారు. త్యాగరాజ ఆరాధనకు తప్ప వేరొక కచేరీకి కాలు కదపని నాకు ఇది కొంత విచిత్రమైన ఆజ్ఞ. అయినా మూడు నెలలపాటు మనుమరాలి ఫోనులో ఆ పాటలు విన్నాను. వాటిని గురించి ఇంగ్లీషు పత్రికలలో వచ్చిన సమీక్షలు కూడా దొరికినంతవరకు చదివాను. పాటలు ఆశ్చర్యం కలిగించాయి. సమీక్షలు కోపం తెప్పించాయి.

ఆ సమీక్షలలో పెక్కింటి పద్ధతి ఒక్కటే. పాట ఇంగ్లీషులో ఉన్నదనుకొందాం. అప్పుడు సమీక్షకుడు చరణం చరణం తవ్వి తీస్తాడు. ఈ మాటలో గాయకుడి విడాకుల దుఃఖం ఉన్నదంటాడు, ఆ మాటలో తండ్రిమీది అలుక ఉన్నదంటాడు. పాట వేరొక భాషలో ఉన్నదనుకొందాం. అప్పుడు గొంతును పొగమంచుతో పోలుస్తాడు, తేనెతో పోలుస్తాడు. 'అర్థం తెలియనక్కరలేదు, భావం తానే అందుతుంది' అని ముగిస్తాడు. భాష లేకపోవడమనే ఈ మహాగుణం ఎల్లప్పుడూ చిన్నభాషల పాటలకే పడుతుంది గాని పెద్దభాష పాటకు ఎన్నడూ పట్టదు. చదువరులు గమనించారో లేదో గాని, పరభాషా ప్రాంతాలలో తరాలుగా బ్రతుకుతున్న మనకు ఇది వెంటనే తెలియవలసిన సంగతి.

గ్వెన్నో సాండర్స్ అనే గాయని సంగతి చూడండి. ఆమె వేల్స్ దేశపు కార్డిఫ్ నగరంవారు. తల్లి వెల్ష్ భాషీయురాలు. తండ్రి టిమ్ సాండర్స్ కార్నిష్ భాషలో కవి; ఇంట్లో కూతురితో ఆ భాషే మాట్లాడారు. కార్నిష్ అనేది ఇంగ్లండు నైరృతి మూలనున్న కార్న్‌వాల్ సీమ భాష. దానిని పరంపరగా మాట్లాడుతూ వచ్చినవారు 18వ శతాబ్దాంతానికి అంతరించారు. 1904లో హెన్రీ జెన్నర్ అనే పండితుడు ఒక వాచకం ప్రకటించిన నాటినుండి కొద్దిమంది పట్టుదల గలవారు దానిని పాత పుస్తకాలలోనుండి మరల లేపుతూ వచ్చారు. యునెస్కోవారు మృతభాష అని వ్రాసిన మాటను 2010లో దిద్దుకొన్నారు. 2011 జనగణనలో ఇంగ్లండు, వేల్స్ రెండింటిలో కలిపి తమ ప్రధానభాష కార్నిష్ అని చెప్పినవారు 557 మంది. మన సోలాపురంలో ఒక్క పేటలో తెలుగువారు అంతకంటె ఎక్కువ ఉంటారు.

ఆ 557 మంది భాషలో గ్వెన్నో 2018లో 'లే కోవ్' అనే ఆల్బం ఆద్యంతం పాడారు. 2022లో 'ట్రెజర్' వచ్చినది. అందులో ఒక్క పాట మాత్రం వెల్ష్‌లో, తక్కినవన్నీ కార్నిష్‌లో. అది బ్రిటనులో పేరెన్నికగన్న మెర్క్యురీ బహుమతి తుదిజాబితాలో చేరినది.

'లే కోవ్'లో ఒక పాట ఉన్నది. దాని పేరుకు 'చీజ్ ఉన్నదా?' అని అర్థం. పాత కార్నిష్ నానుడి ఒకదానిని తీసుకొని కట్టిన పాట అది. నేను చదివిన సమీక్షకులు దానిని ఒక వేళాకోళంగా చెప్పి దాటిపోయారు. నాకు మాత్రం ఆ ఆల్బమంతటిలోను ముఖ్యమైన పాట అదేనని తోచినది. పునరుద్ధరించిన భాషలో శోకగీతం వ్రాయడం సులభం. ప్రార్థన వ్రాయడం ఇంకా సులభం. శవంమీద పూలు చల్లడానికి ఎవరైనా వస్తారు. వంటింట్లో నిలబడి, ఇంట్లో ఫలానా వస్తువు ఉన్నదా లేదా అని ఆ భాషలో అడగగలిగినప్పుడే అది బ్రతికినట్లు. ఈ సంగతి తెలిసిన కవి కూతురు కాబట్టి ఆమె ఆ నానుడిని ఎన్నుకొన్నారు. అర్థం తెలియనక్కరలేదన్నవారికి ఇది ఏమి అందుతుంది? తాళం బాగున్నదని అందుతుంది.

ఇక్కడ మన సంగతి జ్ఞాపకం రాకమానదు. కార్నిష్‌కు పుస్తకం మిగిలి వంటిల్లు పోయినది. మనకు వంటిల్లు మిగిలి పుస్తకం పోయినది. మధురలో, కోయంబత్తూరులో, హోసూరులో, తెలుగు ఇంకా చారు పొయ్యమనడానికి పనికివస్తున్నది, పిల్లవాణ్ణి కోప్పడడానికి పనికివస్తున్నది, ఎదుట కూర్చున్న బేరగాడికి తెలియకుండా ధరను గురించి గుసగుసలాడడానికి మహ బాగా పనికివస్తున్నది. పెళ్ళి శుభలేఖ వ్రాయడానికి మాత్రం ఎవరినో వెతుక్కోవలసివస్తున్నది. బరంపురంలోను బళ్ళారిలోను పరిస్థితి ఇంతకంటె మెరుగని అక్కడి మిత్రులు అంటారు, నిజమైతే సంతోషమే.

'ట్రెజర్'ను గురించి ఒక ఫిర్యాదు కూడా చెప్పవలసియున్నది. ధ్వనికి వేసిన ప్రతిధ్వనుల పూతలు అందులో మరీ దట్టం. ఇంతమాత్రపు జనం మాట్లాడే భాషలో పాడుతూ మాటను గుహలోనుండి వచ్చినట్లు వినిపించడం ఏమి న్యాయం? 2025లో వచ్చిన 'యుటోపియా' చాలవరకు ఇంగ్లీషులో ఉన్నది. యౌవనారంభంలో ఆమె నాట్యబృందంతో లాస్ వేగాస్ నగరంలో గడిపిన రోజులు అందులో వస్తాయి. ఆ రోజులు ఇంగ్లీషులో గడిచాయి కాబట్టి పాటలు ఇంగ్లీషులో రావడం నాకు తప్పుగా తోచలేదు. ఏ బ్రతుకు ఏ భాషలో గడిచినదో ఆ పాట ఆ భాషలో ఉండడమే నిజాయితీ. తప్పు ఎవరిదంటే, ఇంగ్లీషులోకి వచ్చిన తరువాతనే ఆమెకు చెప్పదలచిన సంగతులున్నవని కనుగొన్న సమీక్షకులది.

కెనడాదేశపు జెరెమీ డచర్ కథ ఇంకొక తీరు. ఆయన తూర్పుతీరపు న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలోని వోలాస్తోక్వే ఆదివాసులలో పుట్టినవారు; పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చిన గాయకులు. తమ జాతివారి పాటలను సుమారు నూరేండ్ల క్రితం ఒక మానవశాస్త్రజ్ఞుడు మైనపు గొట్టాలమీద ముద్రించుకొని పోయాడని, అవి కెనడా చరిత్ర ప్రదర్శనశాలలో ఉన్నవని మ్యాగీ పాల్ అనే వృద్ధురాలు చెప్పగా, డచర్ అక్కడికి వెళ్ళి వాటిని విని వ్రాసుకొన్నారు. 2018లో వచ్చిన ఆయన మొదటి ఆల్బంలో పియానో వెనుకనుండి ఆ పూర్వుల గొంతులు గరగరమని వినబడతాయి. ముత్తాతకు మునిమనుమడు వంతపాడినట్లుంటుంది. ఆనాటికి ఆ భాషను ధారాళంగా మాట్లాడేవారు వందమంది ప్రాంతమని ఆయన చెప్పేవారు. ఆ ఆల్బానికి కెనడాలో గొప్పదైన పొలారిస్ బహుమతి వచ్చినది. 2023లో వెలువడిన రెండవ ఆల్బం 'మొతెవొలొనువోక్'కు 2024లో మరల వచ్చినది. రెండుమార్లు దానిని పొందినవారు అంతకుముందు లేరు.

రెండవ ఆల్బంలో ఆయన మొదటిమారు కొన్ని పాటలు ఇంగ్లీషులో పాడారు. వాటిలో ఒకటి ఆదివాసి యువకుల ఆత్మహత్యలను గురించినది. ఆ పాట మేళవింపు నాకు అంతగా నచ్చలేదు. వాద్యాలు, బృందగానం కలసి దుఃఖాన్ని కొంత అలంకరించాయనిపించినది. కాని దానిని ఇంగ్లీషులో ఎందుకు పాడారో తెలుసుకొనకుండా ఆ ఆల్బాన్ని విన్నానని చెప్పుకొనడం చెల్లదు. ఏ మాట తనవారితో, ఏ మాట పైవారితో అన్న విచక్షణ ఆ కూర్పులోనే ఉన్నది. నాలుగు గోడలలోపల ఒక భాష, గుమ్మం దాటితే వేరొక భాష మాట్లాడే మన ఇంటి పిల్లలకు దీనిని ఎవరూ వివరించనక్కరలేదు. పెద్ద పత్రికల సమీక్షకులకు వివరించవలసివస్తున్నది.

జాజ్ గాయని సెసిల్ మెక్‌లోరిన్ సాల్వాంట్‌ను గురించి కొద్దిగా చెప్పి ముందుకు పోతాను. తండ్రి హైతీదేశీయుడు, తల్లి ఫ్రెంచివారు, పుట్టినది అమెరికాలోని మయామీ నగరంలో. 2023లో వచ్చిన 'మెలూసిన్' ఆల్బంలో ఎక్కువ పాటలు ఫ్రెంచిలో, కొన్ని హైతీ క్రెయోల్‌లో, దక్షిణ ఫ్రాన్సు ప్రాచీనభాషయైన ఆక్సితాన్‌లో, ఇంగ్లీషులో ఉన్నవి. కొన్ని 12వ శతాబ్దం దాకా వెనుకకు పోతాయి. మెలూసిన్ అనేది ఒక జానపద కథానాయిక పేరు. శాపవశాన శనివారంనాడు నడుముక్రింద పాముగా మారుతుంది. ఆ రోజున తనను చూడరాదని నియమం పెట్టి పెండ్లాడుతుంది. భర్త తాళపుచెవి కన్నంలోనుండి తొంగిచూస్తాడు; ఆమె ఎగిరిపోతుంది. ఒక మనిషిలో రెండు జాతులు, మూడు భాషలు ఉంటే ఎట్లుంటుందో చెప్పడానికి ఇంతకంటె తగిన కథ ఏమున్నది? ఇక్కడ భాష మారడమే కథ. మాటలు పట్టించుకొనకుండా 'అద్భుతమైన గాత్రం' అన్న విమర్శ, పాము సగాన్ని చూడక మనిషి సగాన్ని మెచ్చుకొన్నట్టిది. నేను విన్న ఆల్బములన్నిటిలో, ప్రతి అక్షరం స్పష్టంగా పలికిన ఉచ్చారణను బట్టి, దీనికే అగ్రస్థానం ఇస్తాను.

ఇక అరూజ్ ఆఫ్తాబ్. లాహోరునుండి అమెరికా వెళ్ళి న్యూయార్కులో స్థిరపడిన ఉర్దూ గాయని. 2021లో వచ్చిన 'వల్చర్ ప్రిన్స్' చనిపోయిన తమ్ముడికి అంకితం. తాళవాద్యం దాదాపు లేకుండా, హార్ప్ తంత్రుల నడుమ ఉర్దూ గజళ్ళు అతివిలంబంగా సాగుతాయి. అందులో 'మొహబ్బత్' అన్నది మెహదీ హసన్ పాడగా ప్రసిద్ధికెక్కిన హఫీజ్ హోషియార్‌పురీ గజల్. దానికి 2022లో గ్రామీ బహుమతి లభించినది. ఏ శాఖలో? 'గ్లోబల్ మ్యూజిక్' శాఖలో. న్యూయార్కులో నివసించే స్త్రీ న్యూయార్కులో పాడిన పాట ప్రపంచసంగీతమైనది. ప్రక్క వీధిలో ఇంగ్లీషులో పాడినవాడిది మాత్రం వట్టి సంగీతమే. ఇంగ్లీషు కానిదంతా ఒకే గంపలో వేసి ప్రపంచమని పేరుపెట్టారు. గంప పేరు గౌరవంగానే ఉన్నది, కాదనను.

2024లో ఆమె 'నైట్ రెయిన్' వచ్చినది. అందులో 'న గుల్', 'సాకీ' అనే రెండు పాటలున్నవి. అవి ఎవరి కవితలు? హైదరాబాదు కవయిత్రి మహ్ లకా బాయి చందావి. 1768లో పుట్టి 1824లో మరణించిన ఆమె నిజాం కొలువులో గాయని, కవయిత్రి. మౌలా అలీ గుట్ట దిగువన ఆమె సమాధి నేటికీ ఉన్నది. తెలుగునేలమీద పుట్టిన ఉర్దూ కవిత రెండు వందల ఏండ్ల తరువాత న్యూయార్కులో పాటగా లేచినది. ఈ సంగతి నాకు తెలిసినది ఒక ఇంగ్లీషు సమీక్షలోని సగం వాక్యంవల్ల. నేను చదివిన తక్కిన సమీక్షలలో ఆ సగం వాక్యం కూడా లేదు. రాత్రి ఉన్నది, మత్తు ఉన్నది, మల్లెల పరిమళం ఉన్నది. కవయిత్రి లేదు.

నాకు ఉర్దూ రాదు. మొదట వినినప్పుడు, 'గుల్' అంటే పువ్వని ఎరిగినవాడిని కాబట్టి, ఎవరో పువ్వును వలచి పాడుతున్నారనుకొని ఆనందించాను. మా వీధిలో వాణియంబాడినుండి వచ్చి తోళ్ళ వ్యాపారం చేసే ఉర్దూ మిత్రులు ఒకరున్నారు. ఆయన విని నవ్వి, "అన్నా, ముందున్న 'న' ఎక్కడ పోయినది మీకు? ఆమె పువ్వు వద్దంటున్నది" అన్నారు. పువ్వు అక్కరలేదు, తోట అక్కరలేదు, ప్రియుడొక్కడే కావాలట. నేను రెండు వారాలుగా తలక్రిందుగా ఆనందించినట్లు తేలినది. ఆ తరువాత ఆ పాట విన్నప్పుడు, గొంతు 'న' మీద ఆగే చోట నా ఒళ్ళు జలదరించినది. అంతకుముందు అదే చోట ఏమీ కాలేదు. భావం తానే అందుతుందనేవారికి నేను చూపగల సాక్ష్యం ఇదొక్కటి. నాకు అందిన భావం తప్పు.

నాదస్వరానికి మాటలున్నవా, వయొలిన్‌కు ఉన్నవా, వాటికి మనసు కరగలేదా అని అడిగేవారున్నారు. కరిగినది. కరుగుతుంది. రాగంలోని సుఖాన్ని నేను కాదనడం లేదు. భాష రానివారు పాట వినరాదనడం అంతకంటె లేదు. కార్నిష్‌లో నాకు ఒక్క ముక్క రాదు, అయినా విన్నాను. నా పేచీ ఎవరితోనంటే, తెలియకపోవడాన్ని ఒక గొప్ప సిద్ధాంతంగా మార్చి, ఇక తెలుసుకొనవలసినది లేదని తలుపు మూసేవారితో.

ఆ తలుపు మూసినవారిలో మనమున్నాము. ఇది చెప్పడానికే ఇంతదూరం వచ్చాను.

మహ్ లకా బాయి కంటె ఒక్క ఏడు ముందు, 1767లో, త్యాగరాజు జన్మించారు. ఆమె హైదరాబాదులో ఉర్దూ గజళ్ళు చెప్పిన కాలంలోనే ఆయన కావేరి ఒడ్డున తిరువయ్యారులో, చుట్టూ తమిళం వినబడుతుండగా, తెలుగులో కృతులు చెప్పారు. వాటిని తమిళసీమ రెండు శతాబ్దాలుగా తలమీద పెట్టుకొన్నది. ఆ ఋణం మనం మరువరాదు. 1940ల ప్రాంతంలో తమిళ ఇసై ఉద్యమం లేచినది. 1941లో అణ్ణామలై విశ్వవిద్యాలయంలో సమావేశం జరిగినది, 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం ఏర్పడినది. వారు కోరినదేమి? వినేవారికి తెలిసిన భాషలో పాడమని. ఆ కోరికలో అన్యాయమేమున్నదో నాకు నేటికీ తెలియదు. పాట అర్థం కావాలనుకొన్న ప్రజలు సంగీతద్రోహులెట్లవుతారు?

అప్పుడు ఎదురువాదం చేసినవారిలో పలువురు ఏమన్నారంటే, నాదమే ప్రధానం, భాష అప్రధానం అన్నారు. మన పెద్దలూ దానిని పట్టుకొన్నారు. చెప్పవలసిన సమాధానం వేరొకటి ఉన్నది. 'మీ పాట మీరు పాడుకొనండి, మేమూ వింటాము. మా త్యాగరాజు మాటలకు అర్థం మీకు తమిళంలో చెప్పుతాము, రండి' అనవలసినది. అట్లు అనక, త్యాగరాజును నిలబెట్టడానికని త్యాగరాజు మాటనే వదులుకొన్నాము. భాష అప్రధానమని ఇంటిబయట చెప్పినది పిల్లలు ఇంటిలోపల విన్నారు. అప్రధానమైనదాన్ని నేర్చుకొనడమెందుకని వారు అనుకొంటే తప్పెవరిది?

కొన్నేండ్ల క్రిందట మా సంఘం జరిపిన పాటలపోటీకి నేను న్యాయనిర్ణేతను. పన్నెండేండ్ల బాలిక ఒక ప్రసిద్ధ కృతి పాడినది. శ్రుతి తప్పలేదు, సంగతులన్నీ వచ్చాయి. చేతిలోని నోటుపుస్తకం తీసి చూశాను. కృతి అంతా తమిళ లిపిలో ఉన్నది. ఆ లిపిలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే అక్షరం; క, ఖ, గ, ఘ లకూ అంతే. అది ఆ లిపి దోషం కాదు, దాని భాషకు అది చాలును. అమ్మా, దీనికి అర్థమేమి అని అడిగితే, "భావం చాలునని టీచరుగారన్నారు తాతగారూ" అన్నది. ఆ 'భావం' కూడా పుస్తకం అంచున వ్రాసియున్నది. తమిళ లిపిలో దానిని 'పావం' అని చదువుకోవచ్చు. తమిళంలో ఆ మాటకు 'అయ్యో, పాపం' అని అర్థం. ఆ బాలికకు నేను ప్రథమ బహుమతి ఇచ్చాను. అర్థానికి మార్కులు మా పట్టికలో లేవు, నేనూ అడగలేదు. తెలుగు ఇల్లు, తెలుగు సంఘం, తెలుగు కృతి, తెలుగు న్యాయనిర్ణేత. మాట ఒక్కటే లేకపోయినది.

ఇంగ్లీషు సమీక్షకుడు కార్నిష్ పాటకు చేసినదానికీ నేను ఆ రోజు చేసినదానికీ భేదమేమి? అతడికైనా కార్నిష్ రాదు.

ఈ వ్యాసం వ్రాయడం మొదలుపెట్టిన తరువాత మా కార్యవర్గం ముందు ఒక ప్రతిపాదన పెట్టాను. రాబోయే పోటీలో పాడేవారు పాటకు ముందు దాని అర్థం రెండు నిమిషాలు చెప్పవలెను. తెలుగులో చెప్పినా సరే, తమిళంలో చెప్పినా సరే. నూటికి ముప్పది మార్కులు దానికి. పాటల సాహిత్యం, ప్రతిపదార్థంతో, తెలుగు లిపిలోను తమిళ లిపిలోను అచ్చువేసి పోటీకి ముందే పంచవలెను; అచ్చు ఖర్చు నేను భరిస్తాను. సోలాపురంవారు మరాఠీలో, బరంపురంవారు ఒడియాలో, బెంగుళూరువారు కన్నడంలో ఇట్లే చేసుకొనవచ్చును. యానాంవారికి ఈ చిక్కు లేదు, వారు మాకు అచ్చుతప్పులు దిద్దిపెడితే చాలును.

పోటీకి వచ్చేవారు సగానికి తగ్గిపోతారని ఒకరు ఆక్షేపించారు. తగ్గనివ్వండి అన్నాను. అట్లయితే న్యాయనిర్ణేతలు కూడా ముందుగా అర్థం చదువుకొని రావలసివస్తుంది గదా అని మరొకరు అన్నారు. చర్చ వేడెక్కినది అక్కడనే. విషయం సర్వసభ్య సమావేశానికి వాయిదా పడినది.